ఆడపడుచు పళ్లు

బెడోక్, సింగపూర్
జూలై 7

వదినా,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అడుగుతావు. నీకు ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెట్టి పప్పుకి తిరగమోత వేస్తూ మాట్లాడతావు. అన్నయ్య పేపరు పక్కన పెట్టి చెవులు ఇటు పెడతాడు. సాయంత్రమైతే మీ తమ్ముడు గోపీకృష్ణ గారు కాఫీకి వచ్చి కూర్చుంటారు. ఈ సంగతి ఆయన చెవిన పడకూడదు. అందుకని పోస్టాఫీసుకి వెళ్లి స్టాంపులు కొన్నాను. మా ప్రణవి నన్ను మ్యూజియంలో వస్తువును చూసినట్టు చూసింది. పదిహేడేళ్ల పిల్ల, స్టాంపు ఎక్కడ అంటించాలో తెలియదు.

సంగతేమిటంటే, నా కింది వరసలో ముందు పళ్లు నాలుగూ కదులుతున్నాయి. నాలుకతో నెడితే ఊగుతున్నాయి. తోముకుంటే రక్తం. ఇది ఏడాదిగా ఉన్నదే, నేనే పట్టించుకోలేదు. పోయిన వారం వేణువు వాయిస్తుంటే పై స్థాయిలో స్వరం విరిగిపోయింది. మళ్లీ పట్టాను, మళ్లీ విరిగింది. పెదవి ఆనేది ఆ పళ్ల మీదే కదా. గోడ కదులుతుంటే దానికి ఆనుకున్న మనిషి నిలకడగా ఎలా నిలబడతాడు?

వచ్చే ఉగాదికి మా తెలుగు సమాజం వాళ్లు నన్ను ఒక్కదాన్నే ఇరవై నిమిషాలు వాయించమన్నారు. ఆరేళ్లుగా పదిమందిలో ఒకదానిగా వాయిస్తున్నాను, ఒంటరిగా ఇదే మొదటిసారి. నేను పెళ్లై వచ్చేస్తూ వదిలేసిన వేణువును పట్టుచీరల బీరువాలో పెట్టి, ఏటా కొబ్బరినూనె రాసి, పద్దెనిమిదేళ్లు కాపాడి తెచ్చి నా చేతిలో పెట్టినదానివి నువ్వు. అందుకే ముందు నీకే చెబుతున్నాను. నాకు చాలా భయంగా ఉంది, వదినా.

రాఫెల్స్ ప్లేస్‌లో మా ఆఫీసు కింది మాల్‌లో ఒక పళ్ల క్లినిక్ ఉంది. భోజనం వేళలో వెళ్లాను. మెత్తటి సోఫా, వాసన పూసిన వేడి తువ్వాలు, టీవీలో సముద్రం. డాక్టరు నా నోట్లోకి మూడు నిమిషాలు చూశాడు. తర్వాత అరగంట సేపు కొత్త పళ్లతో నా నవ్వు ఎలా ఉంటుందో తెర మీద బొమ్మ వేసి చూపించాడు. నాలుగూ తీసేసి దవడలో మరలు దించి కొత్తవి బిగిస్తాడట, దానికో ప్యాకేజీ ఉందట. వేణువు సంగతి అడిగితే, ఏడాది పాటు మానేయలేరా అన్నాడు. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను.

సెలవులకు తెనాలి వచ్చినప్పుడల్లా జాకెట్లు కుట్టించుకోవడం, ఊరగాయలు కట్టించుకోవడం, గోపీకృష్ణ గారికి పళ్లు చూపించుకోవడం, ఈ మూడూ మా జాబితాలో పక్కపక్కనే ఉంటాయి. పద్నాలుగేళ్లుగా అంతే. రెండేళ్లకొకసారి రెండు వారాల్లో ఆయన ఏం చేయగలిగితే అది చేశారు. కాని ఇది రెండు వారాల పనిలా లేదు. ఇక్కడే, నడిచి వెళ్లగలిగే దూరంలో, నన్ను ఏళ్ల తరబడి చూసుకునే డాక్టరు కావాలనిపిస్తోంది. గోపీకృష్ణ గారికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఏం చేయమంటావు?

నీ
వసుంధర


తెనాలి
జూలై 24

వసుంధరా,

నీ ఉత్తరం చేరింది. మీ అన్నయ్య అడిగితే ప్రణవి చదువు గురించి రాశావని చెప్పాను. ముప్ఫై ఏళ్ల కాపురంలో నాతో ఆయనకు అబద్ధం చెప్పించిన ఘనత నీది.

ఉన్నమాట రాస్తాను, నొచ్చుకోకు. నాకు కోపం వచ్చింది. మా తమ్ముడు నీకు ఏం తక్కువ చేశాడు? నువ్వు వస్తున్నావంటే మధ్యాహ్నం పేషెంట్లను ఆపేసి, క్లినిక్ కడిగించి, కుర్చీ మీద కొత్త తువ్వాలు పరిపిస్తాడు. నిన్ను ఏనాడైనా బెంచీ మీద కూర్చోబెట్టాడా? చీటీ రాయించుకోమన్నాడా? కిందటిసారి నీ పన్ను పీకాక వాళ్లావిడ వచ్చి బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టింది. ఏ దేశంలో ఏ డాక్టరు పెడతాడమ్మా జాకెట్టు గుడ్డ?

ఊళ్లో అందరికీ తెలుసు, సీతారామారావు గారి చెల్లెలు సింగపూర్ నుంచి వచ్చి మా గోపీ దగ్గరే పళ్లు చూపించుకుంటుందని. ఇప్పుడు మానేశావంటే నలుగురూ ఏమనుకుంటారు? వాడికి ఎంత నామోషీ? సెలవు పెట్టి టికెట్ తీసుకుని రా. నెలైనా రెండు నెలలైనా ఉండు. నువ్వు నమలలేవని బెంగపడకు. ఈ ఇంట్లో ఎలాగూ అన్నీ మెత్తగానే వండుతున్నాను.

మన జామచెట్టు ఈ ఏడు విరగకాసింది. పక్కిళ్లవాళ్లకి బుట్టలతో పంచేస్తున్నాను. నాకెందుకో ఈ మధ్య జామకాయ మీదికి మనసు పోవడం లేదు.

రాజకుమారి


బెడోక్, సింగపూర్
ఆగస్టు 17

వదినా,

నీ మాట వినలేదు. ముందే ఒప్పేసుకుంటే తిట్లు తగ్గుతాయని మొదటి వాక్యంలోనే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు ప్రణవి నన్ను అద్దం ముందు పట్టుకుంది, చూపుడువేలితో పన్ను ఊపుకుంటుండగా. "అమ్మా, మన బ్లాక్ కిందే డెంటిస్ట్ ఉందిగా, జస్ట్ గో లా" అంది, ఇక్కడివాళ్లలాగే మాట చివర లా తగిలించి. ఎనిమిదేళ్లుగా నేను రోజూ ఆ క్లినిక్ ముందునుంచే కూరగాయలకు వెళ్తున్నాను. ఒక పక్క ప్లాస్టిక్ బకెట్ల కొట్టు, ఇంకోపక్క హాకర్ సెంటర్, అదే తిండి కొట్ల సావడి. లోపల నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను. వాసన తువ్వాళ్లు లేవు. చెప్పొద్దూ, అంత చిన్న చోట ఏం వైద్యం చేస్తారులే అనుకునేదాన్ని.

బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ నా పేరు చూసి, "మనోళ్లా? ఏ ఊరమ్మా మీది? మకాన్ అయిందా?" అంది. తిన్నారా అని అడగడం అన్నమాట. ఆవిడ పేరు పుష్పవల్లి. ఆవిడ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి మలేషియా కొబ్బరి తోటల్లోకి వెళ్లాడట. డాక్టరు ఆవిడ కూతురే, యోగేశ్వరి. నలభై లోపు ఉంటుంది. ఆ అమ్మాయి తెలుగులో సగం తమిళం. నోరు తెరవమనడానికి వాయి తెరవండి అంటుంది.

ఆ పిల్ల నా నోట్లో ముప్పావుగంట ఉంది. సన్నటి కడ్డీతో ఒక్కొక్క పన్ను చుట్టూ ఆరేసి చోట్ల చిగురు ఎంత లోతుకి విడిపోయిందో కొలిచి, అంకెలు పైకి చదువుతుంటే తల్లి రాసుకుంది. మూడు దాకా ఉంటే మంచిదట. నాకు ఐదులు, ఆరులు పడ్డాయి. వెనకపన్ను ఒకదానికి తొమ్మిది. తంబోలా ఆటలో అంకెలు పిలిచినట్టే ఉంది, పెద్దంకె వస్తే మాత్రం నేను ఓడిపోతున్నాను.

తర్వాత కుర్చీ నిటారుగా చేసి, నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఇదివరకు ఎవరు చూశారని అడిగింది. మా బంధువు, చాలా మంచి డాక్టరు, పద్నాలుగేళ్లుగా చూస్తున్నారు అన్నాను.

"ఇది నిన్నటి జబ్బు కాదు ఆంటీ, ఏళ్ల నుంచి ఉంది. ఆయన మీకు చెప్పలేదా, మీరు వినలేదా?"

ఆ సంగతి నాకే తెలియదు. గోపీకృష్ణ గారి కుర్చీలో కూర్చున్నప్పుడల్లా ఆయన నొప్పిగా ఉందా అండీ అని అడుగుతారు, నేను అబ్బే లేదండీ అంటాను. ప్రాణం పోతున్నా అదే అన్నాను. అంత మర్యాదగా చూస్తున్న మనిషి దగ్గర నొప్పి అనడానికి నాకు నోరు రాలేదు. నేను ఆ కుర్చీలో పేషెంటుగా ఏనాడూ కూర్చోలేదు వదినా, ఆడపడుచుగా కూర్చున్నాను.

యోగేశ్వరి మొహమాటం లేకుండా తిట్టింది. తోముకునేది సరిగ్గా లేదంది, చిగుళ్ల దగ్గర పాచి రాయిలా కట్టిందంది, ఏడాదిగా రక్తం వస్తుంటే ఏం చేస్తున్నారంది. "మీరు నాకు అమ్మలాంటివాళ్లు, అయినా తిడతాను. నా దగ్గరికి వస్తే మూడు నెలలకొకసారి రావాలి. బతికున్నన్నాళ్లూ" అంది. పీకేస్తావా అని అడిగాను. పాత ఎక్స్‌రేలు చూడందే ఏ పన్ను నిలుస్తుందో, ఏది పోతుందో చెప్పలేనంది. ఎముక ఏ ఏడు ఎంత తరిగిందో తెలియాలట. అందాకా శుభ్రం చేయడమే, పీకడం లేదంది.

వేణువు సంగతి చెబితే రేపు తీసుకురండి అంది. మర్నాడు ఆ కుర్చీలో కూర్చుని వాయించాను. ఏ పన్ను మీద పెదవి ఆనుతోందో, ఎక్కడ వణుకుతోందో వంగి వంగి చూసి బొమ్మ గీసుకుంది. బయట బకెట్లు కొనడానికి వచ్చినవాళ్లు తలుపు దగ్గర నిలబడి విన్నారు. పదిహేనేళ్ల తర్వాత కూడా ఇక్కడే ఉంటావా అమ్మా అని అడిగాను. మా అమ్మ ఈ బ్లాక్ వదలదు, ఇక నేనెక్కడికి పోతాను అంది. నాకు కావలసిన డాక్టరు ఈ పిల్లే అని అప్పుడే తేల్చేసుకున్నాను.

ఇక నీ సాయం. గోపీకృష్ణ గారి దగ్గర ఉన్న నా ఎక్స్‌రేలన్నీ కావాలి. ఆయనను నేను అడగలేను. నువ్వు అడుగు. నా మీద ఎంత కోపం ఉన్నా ఈ ఒక్క పని చేసిపెట్టు.

నీ
వసుంధర


తెనాలి
సెప్టెంబరు 28

వసుంధరా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. కోపంతోనే జవాబు రాయలేదు. దాన్ని నాలుగుసార్లు చింపబోయి మళ్లీ మడిచి దాచాను.

పోయిన గురువారం క్లినిక్‌కి వెళ్లాను. గోపీ ఒక్కడే ఉన్నాడు. వసుంధర ఎక్స్‌రేలు కావాలిట, అక్కడెవరో డాక్టరమ్మ అడుగుతోందిట అని నిష్ఠూరంగానే చెప్పాను. వాడు మొహం మాడ్చుకుంటాడనుకున్నాను. వాడు కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. పరీక్ష తప్పుతాననుకున్న పిల్లాడికి పాసయ్యావని చెప్పినట్టుంది వాడి మొహం. లేచి బీరువా తీసి ఒక నోటుపుస్తకం ఇచ్చాడు. నీ పేరే, నీ ఒక్కదానికే ఒక పుస్తకం.

ఏడుసార్లు వచ్చావు, ఏడు పేజీలు. మొదటిసారి ఏం లేదు. రెండోసారి నుంచి ప్రతి పేజీ చివరా ఒకటే రాశాడు. 'చిగుళ్లు పాడవుతున్నాయి. మూడు నెలలకొకసారి చూడాలి. అక్కడే ఒక డాక్టరును చూసుకోమని చెప్పాలి.' ఆరు పేజీల్లో ఆరుసార్లు చెప్పాలి అని ఉంది. చెప్పాను అని ఒక్కచోటా లేదు.

ఎందుకు చెప్పలేదురా అన్నాను. "అక్కా, ఆవిడ ఆ ఇంటి ఆడపడుచు. రెండేళ్లకోసారి వచ్చే మనిషిని నోరు తెరిపించి, మీరు శుభ్రంగా తోముకోవడం లేదు, మీ పళ్లు పోతాయి అని ఎలా అనను? ఆవిడ నొచ్చుకుంటే బావగారు నిన్నేమంటారోనని భయం" అన్నాడు. ఎప్పుడు నొప్పి ఉందా అన్నా లేదనే అన్నారు, నేనూ అదే నమ్మినట్టు నటించాను అన్నాడు.

ఇందులో నా పాపమూ ఉంది. నువ్వు బయల్దేరే ముందు ప్రతిసారీ నేనే వాడికి ఫోన్ చేసేదాన్ని. మా ఆడపడుచు వస్తోంది, ఏ లోటూ రానీయకు, ఆవిడ మనసు కష్టపెట్టే మాట ఒక్కటీ అనకు అని. వాడు నా మాట అక్షరాలా పాటించాడు. మేమిద్దరం కలిసి నీకు జాకెట్టు గుడ్డలు పెట్టి పంపించాం.

ఎక్స్‌రేలన్నీ కొరియర్‌లో పంపాడు. ఆ డాక్టరమ్మకి ఇంగ్లీషులో మూడు పేజీల ఉత్తరం కూడా రాశాడు. రాస్తున్నంతసేపూ పక్కనే కూర్చున్నాను. తను ఏం చేశాడో, ఏం చేయలేకపోయాడో ఏదీ దాచలేదు. నన్ను క్షమించు వసూ. నా తమ్ముడి గౌరవం అనుకున్నాను కాని, నీ పళ్లు గుర్తు రాలేదు.

ఇవాళ ఏకాదశి. మీ అన్నయ్యకి గట్టిగా చేగోడీలు వేయించి పెట్టాను. నేను పాలలో అటుకులు నానేసుకుని తిన్నాను.

నీ వదిన


బెడోక్, సింగపూర్
నవంబరు 20

వదినా,

క్షమాపణ అనే మాట ఇంకోసారి రాస్తే ఉత్తరం తిరుగు టపాలో పంపిస్తాను. ముగ్గురం మర్యాదస్తులం కలిసి చేసిన పని అది. ఎవరికి ఎంత వాటా అని పంచుకోవడం నా వల్ల కాదు.

కొరియర్ వచ్చిన రోజే కిందికి పరిగెత్తాను. యోగేశ్వరి ఏడు ఎక్స్‌రేలనూ, చివర తను తీసిన కొత్తదాన్నీ వెలుతురు పలక మీద వరసగా పెట్టింది. పద్నాలుగేళ్ల నా దవడ ఎముక కళ్లముందు మెట్లు దిగుతున్నట్టు కిందికి దిగింది. ఎక్కువ తరుగు ఈ రెండేళ్లలోనే ఉందట. ముందు నాలుగింటికీ వేళ్లు పొడుగ్గా ఉన్నాయి, వాటిని నిలబెట్టవచ్చు అంది. తొమ్మిది పలికిన ఆ వెనకపన్ను మాత్రం నిలవదంది. కళ్లలోకి చూసి చెప్పింది. నేనూ కళ్లలోకి చూసి సరే అన్నాను. పీకాక ఆ పిల్ల నాకు దూది ఇచ్చింది. జాకెట్టు గుడ్డ ఇవ్వలేదు.

గోపీకృష్ణ గారి ఉత్తరం రెండుసార్లు చదివింది. మంచి డాక్టరు, ఆయనకు పేషెంట్ దొరకలేదు అంతే అంది. ఆ మాట ఆయనకు చెప్పు. ఇద్దరూ ఇప్పుడు నా వెనకాల మెయిల్స్ రాసుకుంటున్నారని తెలిసింది. నా చిగుళ్ల మీద రెండు దేశాల మధ్య సంప్రదింపులు జరుగుతున్నాయి.

నాలుగు వారాలు, వారానికొక పక్క, మత్తు ఇచ్చి చిగురు కింద లోతుగా శుభ్రం చేసింది. ముందు పళ్లకు వెనకవైపు నుంచి సన్నటి నార పట్టీ ఒకటి అంటించి నాలుగింటినీ కలిపి కట్టింది. బయటికి కనబడదు. ఇప్పుడు ఊగడం లేదు. రోజుకు పావుగంట వాయించుకోవచ్చంది. నిన్న పై స్థాయి అందుకుంటే అక్కడే నిలబడింది వదినా. ఊపిరి అయిపోయేదాకా నిలబడింది. మావారు వంటింట్లోంచి గరిటెతో వచ్చి నిలబడి విన్నారు.

ఇక నీ సంగతి. నువ్వు తెలివైనదానివే, కాని ఉత్తరం అంటే ఎదురుగా పెట్టుకుని మళ్లీ మళ్లీ చదువుకునేదని మరిచిపోయావు. ఇంట్లో అన్నీ మెత్తగా వండుతున్నావు. జామకాయలు బుట్టలతో పంచేస్తున్నావు. నా పెళ్లిలో పందెం వేసి గింజలతో సహా పన్నెండు కాయలు నమిలినదానివి నువ్వు. అన్నయ్యకు చేగోడీలు, నీకు నానబెట్టిన అటుకులు. ఎన్నాళ్లుగా దాస్తున్నావు? పళ్ల డాక్టరు తమ్ముడు రోజూ వచ్చి ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతుంటే ఎందుకు దాస్తున్నావు?

నువ్వు జవాబు రాయకపోతే ఈసారి ఫోనే చేస్తాను. స్పీకర్ నువ్వే పెడతావు కాబట్టి అందరూ వింటారు.

నీ
వసుంధర


తెనాలి
డిసెంబరు 16

వసుంధర డిటెక్టివ్ గారికి,

దొరికిపోయాను. ఏడాదిన్నర అయింది. కుడివైపు రెండు పళ్లు పుచ్చిపోయాయి. పైన ముందు పళ్లు కదులుతున్నాయి. నాకు షుగరు కూడా ఉందని నీకు తెలుసు కదా, దానికీ దీనికీ చుట్టరికం ఉందట, ఇప్పుడు తెలిసింది. ఎడమవైపు నముల్తూ, పడుకునేముందు లవంగం పెట్టుకుంటూ నెట్టుకొచ్చాను.

గోపీకి ఎందుకు చెప్పలేదంటావా? అమ్మ పోయాక వాడికి అన్నం కలిపి పెట్టి పెంచినదాన్ని. పళ్లు తోమావా లేదా అని వాడి చెవి మెలిపెట్టినదాన్ని. అలాంటిది వాడి ముందు ఈ నోరు తెరిచి చూపించడానికి సిగ్గేసింది. కట్టుడు పళ్లంటాడేమోనని భయం కూడా వేసింది. యాభై ఆరేళ్లకే గ్లాసులో పళ్లు పెట్టుకుని పడుకోవాలా అని ఏడ్చాను కూడా.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం గోపీ కాఫీకి వచ్చాడు. మీ అన్నయ్యా ఉన్నారు. ఇక దాచేది లేదని నీ ఉత్తరాలన్నీ తెచ్చి మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను, నా సంగతి ఉన్న పేరాతో సహా. మీ అన్నయ్య చేగోడీల గిన్నె దూరంగా జరిపేశారు. గోపీ గ్లాసు కింద పెట్టి లేచాడు. పద అక్కా అన్నాడు. నీ క్లినిక్‌కా అంటే కాదన్నాడు. "నేను నిన్ను తిట్టలేను. తిట్టగలిగేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తాను" అన్నాడు.

పక్క వీధిలో మహతి అని, ఒకప్పుడు వాడి దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి. కిందటేడు సొంతంగా పెట్టుకుంది. చీటీ రాయించుకుని గంటంపావు బెంచీ మీద కూర్చున్నాం. గోపీ కూడా నా చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని బంధువులా కూర్చున్నాడు. మా తమ్ముడిని పేషెంట్ల బెంచీ మీద చూసి ఊళ్లో వాళ్లు ఆగి మరీ పలకరించారు. వాడు నామోషీ పడలేదు. మా అక్కకి బాగోలేదు అని అందరికీ చెప్పాడు.

మహతి నన్ను ఎంత తిట్టిందో ఇక్కడ రాయను. లవంగం పెట్టుకున్నచోట చిగురు కాలిపోయిందట. ముందుగా షుగరు అదుపులోకి తెచ్చుకుంటేగాని ఏమీ మొదలుపెట్టనంది. పుచ్చినవి రెండూ పోతాయి. ముందు పళ్లు మాత్రం నిలబెడతాను, మాటిస్తున్నాను, మీరు మాట తప్పకుండా రండి అంది. మూడు నెలలకొకసారి, నీలాగే. బయటికి వచ్చాక గోపీ నవ్వుతున్నాడు. ఎందుకురా అంటే, ఈ పిల్లకి నేనే నేర్పాను అక్కా అన్నాడు, గర్వంగా.

మీ ఉగాదికి ఎన్ని రోజులుంది?

నీ వదిన


బెడోక్, సింగపూర్
మార్చి 23

వదినా,

గెలిచాం.

నిన్న సాయంత్రం కార్యక్రమం. మొన్న శనివారం యోగేశ్వరి మళ్లీ కడ్డీ తీసి అంకెలు చదివింది. రెండు, మూడు, రెండు, మూడు, మూడు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని వింటున్నాను. ఒకచోట మాత్రం నాలుగు. తొమ్మిది ఎక్కడా లేదు. పుష్పవల్లి గారు రాయడం ఆపి చప్పట్లు కొట్టారు. కూతురు మాత్రం ఆ నాలుగు ఉన్నచోట దారం పెట్టి శుభ్రం చేయడం లేదని మళ్లీ తిట్టింది. ఆ తిట్లు వింటే ఇప్పుడు నాకు ధైర్యంగా ఉంటోంది.

హాల్లో రెండువందల మంది. పుష్పవల్లి గారు గంట ముందే వచ్చి ముందు వరసలో నాలుగు కుర్చీల మీద టిష్యూ పొట్లాలు పెట్టి చోప్ చేసేశారు. ఇక్కడ పొట్లం పెడితే ఆ కుర్చీ మనదే, మంత్రి వచ్చినా కూర్చోడు. వేదిక మీదికి వెళ్లాను. వేణువు పెదవికి ఆనించాను. నాలుకతో ఒక్కసారి లోపలినుంచి ఆ నాలుగు పళ్లనూ తట్టి చూసుకున్నాను. కదల్లేదు. మొదలుపెట్టాను.

మోహన వాయించాను. సగం దాకా కింది స్థాయిలోనే తిరిగాను, భయంతో. తర్వాత ముందు వరసలో యోగేశ్వరి కనబడింది. చేతులు కట్టుకుని, అచ్చం క్లినిక్‌లో స్టూలు మీద కూర్చున్నట్టు నా పెదవినే చూస్తోంది. ఆ అమ్మాయి ముందు తప్పించుకోవడానికి లేదనిపించి పైకి వెళ్లాను. పై షడ్జం పట్టి, వదల్లేదు వదినా. దిగివచ్చి మళ్లీ ఎక్కాను, ఇంకా పైకి. ఎక్కడా విరగలేదు. ఇరవై నిమిషాలన్నవాళ్లు ఇంకొకటి, ఇంకొకటి అని ముప్ఫై ఐదు నిమిషాలు వాయింపించారు. ముగిశాక జనం లేచి నిలబడ్డారు. నేను ఏడ్చాను. సిగ్గుపడలేదు.

ప్రణవి పరిగెత్తుకొచ్చి "నాట్ బ్యాడ్ లా అమ్మా" అని, అంతటితో ఆగలేక నన్ను వాటేసుకుంది. తర్వాత తను తీసిన ఫోటోలు చూపించింది. అరవై ఫోటోలున్నాయి. నవ్వుతున్నవాటిలో ఒక్కదాంట్లోనూ నా చెయ్యి నోటికి అడ్డంగా లేదు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటానని ఇన్నేళ్లూ నాకే తెలియదు, లేని ఫోటోలు చూశాక తెలిసింది.

రికార్డింగ్ నీ ఫోన్‌కి పంపాను. దాన్ని మాత్రం స్పీకర్‌లోనే పెట్టు. గోపీకృష్ణ గారు కాఫీకి వచ్చిన వేళ చూసి పెట్టు. ఈసారి ఆయన వినాలి.

వచ్చే నెలాఖరుకి తెనాలి వస్తున్నాం, రెండు వారాలు. నీ ముందు పళ్ల సంగతి ఒక్క ముక్కా రాయలేదు నువ్వు. నేను అడగను. వచ్చాక చూస్తాను.

నీ
వసుంధర


తెనాలి
ఏప్రిల్ 9

వసూ,

నీ ఉత్తరం నిన్న అందింది. పాట పదిహేను రోజుల ముందే అందింది. గోపీ వచ్చేదాకా ఆగి, కాఫీ గ్లాసు వాడి చేతికిచ్చి, ఫోన్ బల్ల మధ్యలో పెట్టాను. ముప్ఫై ఐదు నిమిషాలూ విన్నాం. గోపీ కాఫీ చల్లారిపోయింది. నువ్వు పైకి ఎక్కినప్పుడు మీ అన్నయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది మా చెల్లెలు అన్నారు, ఆ సంగతి మాకు తెలియనట్టు. పట్టుచీరల మధ్య పద్దెనిమిదేళ్లు నిద్రపోయిన వెదురు అంత దూరం వినబడుతుందని నేననుకోలేదు.

నా సంగతి వచ్చాక చూస్తానన్నావు. అంతదాకా ఆగలేను. నిన్న నీ ఉత్తరం చదివి పెరట్లోకి వెళ్లాను. కాలం కాని కాలంలో మన జామచెట్టు కొమ్మ చివర ఒక్క కాయ ఉంది, దోరగా. కోశాను. కత్తి తెచ్చుకోలేదు. కొంగుతో తుడిచి, ముందు పళ్లతోనే, నిలబడినచోటే కొరికాను. శబ్దం వంటింట్లోకి వినబడిందట. మీ అన్నయ్య పరిగెత్తుకొచ్చి చూశారు. గింజలతో సహా తినేశాను, ఆయనకు ఒక్క ముక్క కూడా పెట్టలేదు.

గోపీ క్లినిక్‌లో కొత్త బోర్డు పెట్టాడు. బంధువులు కూడా చీటీ రాయించుకుని వరసలో కూర్చోవాలి అని. మొన్న మా పెద్దమామగారిని గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టి, తర్వాత లోపలికి పిలిచి చుట్ట మానమని గట్టిగా చెప్పాడట. ఆయన అలిగి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు చుట్ట మానేశాడు.

మీరు వచ్చే తేదీలు చెప్పాను వాడికి. నీ పుస్తకం తీసి చూసి, చివరి పేజీ కింద ఈసారి 'చెప్పాను' అని రాశాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు, వసుంధర గారు ఈసారి క్లినిక్‌కి రానక్కర్లేదని చెప్పు అక్కా, వేణువు మాత్రం మరిచిపోకుండా తెచ్చుకోమను అని.

నీ వదిన
రాజకుమారి